దేహములోని వార్తాహరులు

అనంతగిరి కనుమమీదుగా బరువు మోసికొని అరకులోయకు కాలినడకను పోవు మనుష్యునకు కొంతదూరము ఎక్కుసరికి ఊపిరి బరువగును. గుండె దడదడ కొట్టుకొనును, గొంతు తడియారును, కాళ్ళు సడలును. అప్పుడాతడు మోపు దింపి చెట్టునీడను కూర్చుండును. అచ్చట నిలువుమని వానితో నెవ్వరును చెప్పలేదు. కంటికి కనబడినది గాని, చెవికి వినబడినది గాని ఏదియు లేదు. అయినను నిలువవలసిన వేళ వానికి తెలిసినది. ఈ తెలివి వానికి ఎక్కడినుండి వచ్చినది? దీనిని తెలిసికొనుటకై నేడు కొన్ని దేశములలో కోట్లకొలది ధనమును ఏల వెచ్చించుచున్నారు? అందువలన మన మన్యప్రాంతమున నుండు వారికి కలుగు మేలేమి? ఈ మూడు ప్రశ్నలను గూర్చి నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను.

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను పంచేంద్రియములు వెలుపలి లోకమును మనకు తెలుపుచున్నవి. కాని చర్మమునకు లోపల మఱియొక లోకము గలదు. అందు గుండె కొట్టుకొనుచుండును, ఊపిరితిత్తులు పొంగి క్రుంగుచుండును, పొట్ట నిండి ఖాళీ యగుచుండును, రక్తమున ఉప్పును చక్కెరయు హెచ్చి తగ్గుచుండును. ఈ లోపలి లోకపు వార్తలు కూడ మెదడునకు చేరవలెను. ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ షెరింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు 1906వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున ఈ లోపలి గ్రహణమునకు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టెను. దానినుండియే నేడు శాస్త్రజ్ఞులు వాడు ‘ఇంటరోసెప్షన్’ అను మాట పుట్టినది. మన భాషలో నేను దానిని ‘లోయెఱుక’ అందును.

పూర్వము గ్రామమున తలారి యుండెడివాడు. చెఱువుగట్టు తెగినను, పొలిమేరలో పులి తిరిగినను, సంతలో కొట్లాట జరిగినను వాడు పరుగెత్తి మునసబునకు వార్త చేరవేసెడివాడు. మునసబు తగిన ఏర్పాటు చేసెడివాడు. దేహమునందును ఇట్టి ఏర్పాటే కలదు. గుండెలో, రక్తనాళములలో, ఊపిరితిత్తులలో, పొట్టలో, ప్రేగులలో, మూత్రాశయములో సన్నని నరముల కొనలు కావలి యున్నవి. అవి ఒత్తిడిని, సాగుటను, వేడిమిని, రసములలోని మార్పును కనిపెట్టి మెదడునకు తెలుపుచుండును.

ఈ వార్తలు పోవు రాజబాటలలో పెద్దది వేగస్ నాడి. లాటిన్ భాషలో ఆ మాటకు దేశదిమ్మరి యని యర్థము. అది మెదడు క్రిందిభాగమునుండి బయలుదేరి, మెడగుండ దిగి, గుండెను, ఊపిరితిత్తులను, పొట్టను తాకుచు ప్రేగులవఱకు పోవును. అందలి పోగులలో నూటికి సుమారు 80 మెదడుయొక్క ఆజ్ఞలను క్రిందికి కొనిపోవునవి కావు; క్రిందనుండి వార్తలను పైకి తెచ్చునవి. అనగా మెదడు మాటలాడుటకంటె వినుటయే యెక్కువ యన్నమాట. వెన్నుపామునుండి పోవుబాట మఱియొకటి. రక్తముగుండ పోవు బాట మూడవది.

వార్తలు చేరిన పిమ్మట మెదడు రెండు పనులు చేయును. మొదటిది మనకు తెలియకయే జరుగును. మెదడు అడుగున బాదంగింజంత హైపోథలామస్ అను భాగము కలదు. దేహపు వేడిమిని, నీటిని, ఆకలిని అది సరిచూచుచుండును. రెండవది మనకు తెలిసి జరుగునది. మెదడు ప్రక్కమడతలో దాగియున్న ఇన్సులా అను భాగమునకు కొన్ని వార్తలు చేరినప్పుడు ఆకలి, దప్పి, ఆయాసము, దడ, వికారము అను అనుభవములు మనకు కలుగును. భయము, దుఃఖము, సంతోషము కూడ ఈ వార్తలతో ముడిపడియున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ‘గుండె జారినది’, ‘కడుపు మండినది’, ‘ఊపిరి పీల్చుకొన్నాను’ అని మన పూర్వులు మనస్సులోని మాటను దేహమునకు కట్టి చెప్పుట ఊరకే కాదు.

ఈ శాస్త్రము ఒక్కనాడు పుట్టినది కాదు. 1912వ సంవత్సరమున అమెరికా దేశమున వాల్టర్ కానన్ అను పండితుడును, ఆయన శిష్యుడు వాష్‌బర్న్‌యు ఒక విచిత్రమైన ప్రయోగమును ప్రకటించిరి. శిష్యుడు రబ్బరు బుడగనొకదానిని మ్రింగెను. పొట్ట ముడుచుకొనినపుడెల్ల బుడగ నొక్కబడి ఆ సంగతి బయట గీతలుగా గుర్తింపబడెను. ఆకలినొప్పి వేసిన వేళయు, పొట్ట ముడుచుకొనిన వేళయు సరిపోయెను. అయితే ఆకలి పొట్టలోనే యున్నదని అంతటితో తేల్చుటకు వీలులేకపోయినది. శస్త్రచికిత్సచే పొట్ట తీసివేయబడిన వారికిని ఆకలి యుండును. పిమ్మట 1994లో కొవ్వునుండి వెలువడు లెప్టిన్ అను ద్రవ్యమును, 1999లో ఖాళీ పొట్టనుండి హెచ్చుగా వెలువడు గ్రెలిన్ అను ద్రవ్యమును కనుగొనబడినవి. ఇవి రక్తముగుండ మెదడునకు పోవును. ఒక్క ఆకలి వార్తనే ఇన్ని బాటలు మోయుచున్నవి.

రక్తము పోటును, రక్తమునందలి ప్రాణవాయువును మెడలోని ధమనులయొద్ద కావలియున్న నరములు కనిపెట్టి ఊపిరిని సవరించునని చూపినందులకు బెల్జియము దేశపు కార్నెయ్ హేమన్స్‌నకు 1938వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి పరిశోధనలో మన దేశమునకును గౌరవప్రదమైన స్థానము గలదు. 1925లో బర్మాలో జన్మించి, లక్నోలో వైద్యము చదివిన అవతార్ సింగ్ పెయింటాల్ గారు వేగస్ నాడిలోని ఒక్కొక్క పోగును వేఱుచేసి, అందుగుండ పోవు వార్తను వినగలిగిరి. పొట్ట నిండి సాగినప్పుడు వార్త పంపు నరములను గూర్చి 1954లో ప్రకటించిరి. ఊపిరితిత్తులలో సన్నని రక్తనాళముల ప్రక్కనుండు మఱియొక జాతి నరముల కొనలను 1955లో వివరించిరి. వానికి తరువాత ‘జె’ గ్రాహకములని పేరు వచ్చినది. ఊపిరితిత్తులలో రక్తము హెచ్చి, నాళములనుండి నీరు చుట్టునున్న పొరలోనికి ఊరుచుండగా ఈ కొనలు మేల్కొనును. అప్పుడు ఊపిరి వేగమై పైపైన ఆడును. పిల్లులపై చేసిన ప్రయోగములలో కాళ్ళ కండరముల బిగువు తగ్గుట కూడ కానవచ్చెను. మితిమీరిన శ్రమనుండి దేహమును నిలుపుటకే ఈ ఏర్పాటని పెయింటాల్ గారి యభిప్రాయము. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి గాలి పలుచన యనుటకు వీలులేదు. కావున కనుమ నెక్కువాని ఆయాసమునకు కారణము ముఖ్యముగా శ్రమయే. వాని కాళ్ళు సడలుటలో ఈ చిన్న కావలివారి పాత్రయు ఉండవచ్చును.

ఇటీవలి కాలమున ఆర్డెమ్ పటపూటియన్ అను శాస్త్రజ్ఞుడు మఱియొక మెట్టు ఎక్కెను. లెబనాన్ దేశమున పుట్టి అమెరికాకు చేరిన ఈయన 2010లో పీజో అను రెండు మాంసకృత్తులను కనుగొనెను. నరపు కొన నొక్కబడినను, సాగినను ఈ మాంసకృత్తులు చిన్న తలుపువలె తెఱచుకొని వార్తను ప్రారంభించును. తాకుడును తెలుపునవి ఇవియే. ఊపిరితిత్తుల సాగుదలను, రక్తపు పోటును, మూత్రాశయము నిండుటను తెలుపుటలో పాల్గొనునవియు ఇవియే. ఈ రెంటిలో రెండవది పుట్టుకనుండి పనిచేయని మనుష్యులు కొందఱు గలరు. వారికి మూత్రాశయము నిండిన సంగతి సరిగా తెలియదు. కొందఱు గడియారము చూచుకొని వేళకు పోవుచున్నారు. 2021లో నోబెల్ బహుమానమును పటపూటియన్, వేడిమిని గ్రహించు నరములను శోధించిన డేవిడ్ జూలియస్ అను నాతడును పంచుకొనిరి.

ఇంతవఱకు వార్తలు సరిగా చేరునప్పటి సంగతి చెప్పితిని. అవి తప్పునప్పుడేమగునో పెద్దలు తెలిసికొనుట ముఖ్యము.

మన్యపు జ్వరమును తీసికొనుడు. మలేరియా దోమలగుండ వ్యాపించుననుటకు మూలమైన పరిశోధన 1897లో సికింద్రాబాదునందే రొనాల్డ్ రాస్ చేసెను. ఆ జ్వరము వచ్చిన వానికి దేహము కాలుచుండగా వాడు చలి చలి యని కంబళి కోరును. ఇదేమి విరుద్ధము? రోగమువలన రక్తమున పుట్టిన ద్రవ్యములు హైపోథలామస్‌నందలి వేడిమి కొలతను పైకి జరుపును. ఆ కొత్త కొలతతో పోల్చి చూచుకొని, ఉన్న వేడిమి చాలదని మెదడు వణకు పుట్టించును. వణకు వేడిని పెంచును. రోగి చెప్పుచున్నది అబద్ధము కాదు. వాని మెదడుననున్న కొలబద్దయే జరిగినది.

మఱియొకటి, గుండెకు రక్తము అందనప్పుడు కొందఱికి ఎడమచేయి గాని దవడ గాని నొప్పిపెట్టును. గుండెనుండి వచ్చు నరములును, చేతినుండి వచ్చు నరములును వెన్నుపామున ఒకేచోట కలియుటచే వార్త ఎక్కడిదో మెదడు పొరపడుచున్నది. మధుమేహము చిరకాలముండినచో ఈ నరములు చెడిపోవచ్చును. అట్టివారికి గుండెపోటు వచ్చినను నొప్పి తెలియకపోవుట కలదు. ఉత్త చెమట, నీరసము, ఆయాసము మాత్రమే కానవచ్చును.

ముసలితనమున దప్పి మందగించును. దేహమున నీరు తగ్గినను వృద్ధులకు పడుచువారికి వలె దాహము వేయదు. చైత్ర వైశాఖములలో వడదెబ్బ తగిలి పెద్దవారు పడిపోవుటకు ఇదియు నొక కారణము. ‘నాకు దాహము లేదు’ అని వృద్ధుడు చెప్పుట నిజమే. కాని దేహమునకు నీరు అక్కఱలేదనుటకు అది సాక్ష్యము కాదు.

ఇక ధనపు సంగతి. ఇన్ని విషయములు తెలిసియుండగా ఇంకను కోట్ల వ్యయమెందుకని మీరడుగవచ్చును. నిజమునకు మనకు తెలిసినది కొంచెము. కంటిని, చెవిని శోధించుట కొంత సులభము. వెలుగునైనను, ధ్వనినైనను కొలిచి చూపవచ్చును. లోపలి అవయవములు అట్లు కావు. అవి ఎడతెగక కదలుచుండును. వాని నరములు సన్నని దారములై ఒకదానితో నొకటి పెనవేసికొనియుండును. పైగా గుండె వైద్యుడు గుండెను, ఉదరవైద్యుడు ప్రేగులను, మనోవైద్యుడు చింతను వేఱువేఱుగా చూచుచు వచ్చిరి. ఇది అంధగజన్యాయము. తొండము పట్టినవానికి తొండమే యేనుగు. ఎవరి మాటయు అబద్ధము కాదు, కాని ఏనుగు మాత్రము ఎవరికిని తెలియదు.

ఈ లోపము తీర్చుటకై అమెరికాలోని జాతీయ ఆరోగ్యసంస్థలు 2021వ సంవత్సరమున ఏడు పరిశోధనలకు కలిపి అయిదేండ్లకుగాను ఒక కోటి 81 లక్షల 50 వేల డాలర్లు కేటాయించినవి. మెదడును శోధించు పలుశాఖలు ఒక చోట చేరి ఈ సొమ్మును సమకూర్చుట అందలి విశేషము. 2025లో అవే సంస్థలు పటపూటియన్ బృందమునకు అయిదేండ్లకు ఒక కోటి 42 లక్షల డాలర్లు ఒసగినవి. లోపలి నరములు ఏ అవయవమునుండి ఏ బాటను పోవుచున్నవో మొదలంట పటము గీయుట వారి సంకల్పము. భూమిని సర్వే చేయనిదే శిస్తు నిర్ణయింపలేనట్లు, నరముల పటము లేనిదే చికిత్సకు త్రోవ దొరకదు. రక్తపు పోటు, మధుమేహము, తీరని నొప్పి, చింతారోగము మున్నగువానికి ఈ పటమువలన కొత్త దారులు తెఱచుకొనవచ్చునని వారి యాశ.

పలువురిని కూర్చి, ఏండ్లతరబడి ఒకే ప్రశ్నపై నిలిపి, సొమ్ము మధ్యలో ఆగకుండ చూచుట మన దేశమునకు కొత్త కాదు. 1911లోనే ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ అను సంస్థ ఏర్పడెను. 1949లో దానికే భారత వైద్య పరిశోధనా మండలి యని పేరు మాఱెను. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణము ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1979 నుండి 1986 వఱకు ఆ మండలికి అధిపతిగా నుండిరి. ఆయన తరువాత ఆ పీఠము నెక్కినవారు నేను పైన చెప్పిన పెయింటాల్ గారే.

రామలింగస్వామి గారు చేసిన గొప్ప కార్యములలో నొకటి హిమాలయ పాదమున కాంగ్రా లోయలో జరిగినది. అచ్చటి జనులలో అనేకులకు గొంతువాపు రోగముండెను. 1956లో ఆరంభించి, లోయను మూడు భాగములుగా చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేసి, ఏండ్లకొలది జనులను పరీక్షించిరి. అయొడిన్ అందినచోట వాపు గణనీయముగా తగ్గెను. 1962లో దేశమంతటికి గొంతువాపు నివారణ ప్రణాళిక ఏర్పడెను. వైద్యుడు, ఉప్పు తయారుచేయువాడు, రైలుబండి, జిల్లా యధికారి కలిసి పనిచేయనిచో ఈ ఫలము లభించియుండదు. నేడు మన వంటయింటిలోని ఉప్పుపొట్లము ఆ కొండ పరిశోధనకు ఋణపడియున్నది.

ఇప్పుడొక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. ‘కొండమీది పల్లెలకు బాటలు లేవు, నిండుచూలాలిని డోలీలో మోయుచున్నాము, మెదడులోని నరముల పటము మాకెందుకు?’ అని మన్యపు పెద్దలు అడిగినచో ఆ మాటను తేలికగా తీసివేయరాదు. బాటయే ముందు కావలెను. అందు నాకును సందేహము లేదు. అయితే ఒక్క సంగతి ఆలోచింపుడు. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి ప్రక్క నివసించువాడు దేహపు వార్తను సరిగా గ్రహింపకపోయినను పెద్ద ప్రమాదము లేదు. పది నిమిషములలో వైద్యుని చేరును. గంటలకొలది దిగివచ్చిన గాని వైద్యము దొరకని పల్లెలో, బయలుదేరవలెనా వలదా అను నిర్ణయమంతయు రోగి లోయెఱుకమీదనే ఆధారపడియుండును. ఏ ఆయాసము విశ్రాంతితో పోవును, ఏ ఆయాసము ప్రాణము తీయును, ఏ నొప్పి తెల్లవారువఱకు ఆగును, ఏది ఆగదు అను జ్ఞానమునకు పట్టణమునకంటె కొండమీదనే విలువ యెక్కువ.

ఇందుకు సికిల్ సెల్ వ్యాధి మంచి యుదాహరణము. మన దేశపు కొండజాతులలో దీనిని మొదట 1952లో నీలగిరులయందు గుర్తించిరి. వంశమున వచ్చు ఈ రక్తదోషమువలన ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొనును. ఎముకలలో భరింపరాని నొప్పి పుట్టును. వాపు లేకపోవచ్చును, గాయము ఉండదు, పైకి చూచువారికి ఏమియు కనబడదు. రోగి మాటయే సాక్ష్యము. చలి, అలసట, నీరు తగ్గుట ఆ నొప్పిని రేపునవి. ఈ వ్యాధిగలవారి మూత్రపిండములు నీటిని నిలుపుకొనలేవు. కావున దాహము వేయువఱకు ఆగక వారు నీరు త్రాగుచుండవలెను. దీని నిర్మూలనకై 2023 జులై 1వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఉద్యమమున మన రాష్ట్రమును చేరియున్నది. ఏడు కోట్లమందిని పరీక్షించుటయు, 2047 నాటికి వ్యాధిని తొలగించుటయు దాని లక్ష్యములు. కణమును పరీక్షించుటకు యంత్రమున్నది. నొప్పిని కొలుచుటకు మాత్రము యంత్రము లేదు.

ఇక్కడనే భాషయొక్క ప్రసక్తి వచ్చును. మన్యమున కొందఱు కువి, కొందఱు గదబ, కొందఱు పోర్జ, పలువురు ఆదివాసీ ఒడియా మాటలాడుదురు. నొప్పిని గూర్చియు, ఆయాసమును గూర్చియు వారికి వారి మాటలు గలవు. మన తెనుగుననే సలుపు, పోటు, తీపు, మంట, గుంజు, పీకు అని ఎన్ని భేదములు! ఒక్కొక్కటి ఒక్కొక్క కారణమును సూచించును. దుబాసీ వీనినన్నిటిని ‘నొప్పి’ అను ఒక్క మాటగా మార్చి చెప్పినచో వైద్యునకు సగము వార్త పోయినట్లే. నరము పంపిన వార్త మెదడువఱకు చక్కగా చేరి, రోగి నోటినుండి వైద్యుని చెవికి చేరులోపల చెడిపోవుట ఎంత విచారకరము!

కావున నా మనవి యేమనగా, మన దేశమున లోయెఱుకను గూర్చి ధనము వెచ్చించినపుడు అది నగరములోని ప్రయోగశాలతో ఆగిపోరాదు. జబల్పూరులో గిరిజనుల యారోగ్యమునకై 1984 నుండి మండలివారి పరిశోధనాకేంద్రము పనిచేయుచున్నది. పాడేరునందు 2024లో ప్రభుత్వ వైద్యకళాశాల తెఱువబడినది. ఇట్టి సంస్థలు, భాషాపండితులు, ఆశా కార్యకర్తలు, గ్రామపెద్దలు కలిసి, కొండభాషలలో దేహబాధలకుగల మాటలను సేకరించి, ఏ మాట ఏ రోగమునకు గుర్తో పోల్చిచూచినచో అందుకగు వ్యయము తక్కువ, లాభము ఎక్కువ. అట్లు శోధించువారు ముందుగా జనుల అనుమతి పొందవలెను. తెలిసిన ఫలమును తిరిగి వచ్చి వారికే వారి భాషలో చెప్పవలెను. రక్తము తీసికొనిపోయి మరల మొగము చూపని పరిశోధకుని కొండవారు రెండవమాఱు నమ్మరు.

పరిశోధన ఫలించువఱకు పెద్దలు చేయదగినవి కొన్ని గలవు. వేసవిలో వృద్ధులకు దాహము వేయుచున్నదా యని అడుగుటకు మాఱుగా, వేళకు మంచినీళ్ళో, చోడి అంబలియో చేతికి ఇచ్చుట మంచిది. గుండె, మూత్రపిండముల రోగమున్నవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యుని అడుగవలెను. మధుమేహరోగికి కారణము తెలియని చెమటయు, నీరసమును కలిగినచో నొప్పిలేదని ఊరకుండరాదు. కొండ ఎక్కునప్పుడు వచ్చిన ఆయాసము కూర్చుండిన కొంతసేపటికి తగ్గవలెను. తగ్గనిదియు, పండుకొనినను వచ్చునదియు రోగలక్షణము. చలిజ్వరమునకు రక్తపరీక్ష ఆలస్యము చేయరాదు. పిల్లవాడు ఎముకలు నొప్పియని మాటిమాటికి ఏడ్చినచో వేషమనుకొని కోపింపక, సికిల్ సెల్ పరీక్ష చేయింపవలెను. వైద్యునియొద్దకు పోయినపుడు రోగి తన భాషలో ఏ మాట చెప్పెనో ఆ మాటనే ముందు చెప్పి, దాని యర్థము తరువాత వివరింపుడు.